కంభం చెరువు బొచ్చె ఎంత బరువు?

కంభం చెరువులో బొచ్చె ఎంత బరువు తూగుతుందని ఎవరైనా అడిగితే సూటిగా జవాబు చెప్పడం కష్టం. ఏ ఏడాది సంగతి, ఏ నెలలో వేసిన వల అని తిరిగి అడగాలి. కోడి ఎంత, గేదె ఎంత అంటే ఉజ్జాయింపుగా ఒక అంకె చెప్పొచ్చు. వాటికి ఎదుగుదల ఆగిపోయే వయసంటూ ఒకటి ఉంది. చేపకు అలాంటి గట్టి హద్దు లేదు. తిండి, ఊపిరి దొరికినంత కాలం ఎంతో కొంత పెరుగుతూనే ఉంటుంది. దొరకనప్పుడు చావకుండానే పెరుగుదల ఆపేసి, చిన్న ఒంటితో కాలం గడుపుతుంది. ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చిన రెండు పిల్లల్ని రెండు చెరువుల్లో వదిలితే, ఏడాది తిరిగేసరికి ఒకటి కిలోన్నర, ఇంకొకటి పావుకిలో ఉండొచ్చు. అందుకే ‘సీడు మంచిది కాదు’ అనే మాట మన చెరువు గట్ల మీద ఎంత తరచుగా వినబడినా, నేను దాన్ని సగమే నమ్ముతాను. మిగతా సగం నీళ్లలో ఉంది. ఈ అధ్యాయం ఆ సగం గురించి.

ముందు బరువు సంగతి. చేప నిడివి రెట్టింపైతే బరువు రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. నిడివితో పాటు వెడల్పు, మందం కూడా రెట్టింపవుతాయి కనుక. 30 సెంటీమీటర్ల బొచ్చె 450 గ్రాములు తూగితే, అదే ఆకారంతో 60 సెంటీమీటర్లకు ఎదిగినది 3 కిలోల 600 గ్రాములు తూగాలి. అంత తూగలేదంటే చేప పొడుగు పెరిగింది గాని ఒళ్లు చేయలేదన్నమాట. మత్స్యశాస్త్రజ్ఞులు దీన్ని ఒక చిన్న లెక్కతో పట్టుకుంటారు. గ్రాముల బరువును, సెంటీమీటర్ల నిడివి ఘనంతో భాగించి, నూరుతో గుణిస్తారు. పై 30 సెంటీమీటర్ల చేపకు 1.67 వస్తుంది. అదే నిడివి చేప 300 గ్రాములే ఉంటే 1.11. దాని పొట్ట కోసి చూడకుండానే, ఆ నీళ్లలో తిండి చాలడం లేదని ఈ అంకె చెప్పేస్తుంది. కాటా, కొలబద్ద ఉంటే చాలు, ప్రయోగశాల అక్కర్లేదు.

పెరిగే కొద్దీ పెరుగుదల ఎందుకు నెమ్మదిస్తుంది? 1938లో లుడ్విగ్ ఫాన్ బెర్టలాన్ఫీ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఒక వివరణ ఇచ్చాడు. తిండిని, ప్రాణవాయువును లోపలికి తీసుకునేది ఒంటి ఉపరితలాలు, అంటే పేగు గోడలు, మొప్పల పొరలు. అవి నిడివి వర్గంతో పెరుగుతాయి. పోషించాల్సిన కండ మాత్రం ఘనంతో పెరుగుతుంది. రాబడి కంటే ఇంటి ఖర్చు తొందరగా పెరిగిపోతుంది. చివరికి తిన్నదంతా ఉన్న ఒంటిని నిలబెట్టుకోడానికే సరిపోతుంది. తిండి తక్కువైన చెరువులో ఆ స్థితి అరకిలో దగ్గరే వస్తుంది, పుష్కలంగా ఉన్నచోట ఐదు కిలోలు దాటాక వస్తుంది.

చేపల సంఖ్యకూ సైజుకూ ఉన్న సంబంధాన్ని బాగా చూపించిన చేప మనది కాదు. ఉత్తర అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో, కెనడాలో, జపాన్‌లో చల్లని సరస్సుల్లో ఉండే కొకనీ. ఇది సముద్రానికి వెళ్లే సాకై సాల్మన్ జాతే. కాకపోతే తరతరాలుగా మంచినీటిలోనే ఉండిపోయింది. 12 డిగ్రీల చుట్టూ ఉండే నీరు దానికి హాయి. ఎండాకాలంలో పైనీరు వేడెక్కితే లోతుకు దిగిపోతుంది. గాలం వేసేవాళ్లు దాని కోసం బరువులు కట్టి తీగల్ని ముప్పై, నలభై మీటర్ల లోతుకు దించుతారు. మే నెలలో కంభం చెరువులో వదిలితే పూట కూడా బతకదు. అయినా దాని కథ మనకు అక్కరకొస్తుంది, ఎందుకంటే దాని తిండీ మన బొచ్చె తిండీ ఒకటే: నీటిలో తేలాడే డాఫ్నియాలాంటి జంతు ప్లవకాలు. రెండూ మొప్పల లోపలి దువ్వెన పళ్లలాంటి ముళ్లతో నీటిని వడగట్టి వాటిని మింగుతాయి.

కొకనీ సాధారణంగా నాలుగేళ్ల వయసులో ఒక్కసారే గుడ్లు పెట్టి చనిపోతుంది. కనుక ఎన్నేళ్లు పెరిగిందన్న తేడా పెద్దగా ఉండదు, ఎంత పెరిగిందన్నదే తేడా. పిల్లలు ఎక్కువ బతికిన సరస్సులో నాలుగేళ్ల కొకనీ జానెడు దాటదు. తక్కువ బతికిన సరస్సులో అదే వయసుకు మూరెడవుతుంది. 2010లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో వాలోవా సరస్సులో నాలుగు కిలోలకు పైగా తూగిన కొకనీ ఒకటి గాలానికి పడి ప్రపంచ రికార్డైంది. అలాంటివి కొకనీలు కిక్కిరిసిన సరస్సులో పుట్టవు. అక్కడి మత్స్యశాఖల తలనొప్పీ ఇదే. జనానికి పెద్ద చేపలూ కావాలి, ఎక్కువ చేపలూ కావాలి. ప్లవకాలు మాత్రం ఉన్నవే ఉంటాయి.

ఆ తలనొప్పికి మందు వేయబోయి రోగిని చంపుకున్న సరస్సు ఒకటుంది, మోంటానాలోని ఫ్లాట్‌హెడ్. అందులో కొకనీని 1916లో ప్రవేశపెట్టారు. బాగా స్థిరపడింది. ఎగువనున్న మెక్‌డొనాల్డ్ వాగులోకి శరదృతువులో లక్షకు పైగా కొకనీలు గుడ్లు పెట్టడానికి ఎక్కేవి. వాటిని తినడానికి 1981లో ఆరువందలకు పైగా తెల్లతల గద్దలు చేరాయి. ఈలోగా 1968 నుంచి 1975 మధ్య, చేపలకు అదనపు తిండి అవుతుందని, మైసిస్ అనే చిన్న రొయ్యను ఎగువ సరస్సుల్లో వదిలారు. అది ప్రవాహంలో కొట్టుకొచ్చి 1981కల్లా ఫ్లాట్‌హెడ్‌లో చేరింది. ఎవరూ ముందుగా పట్టించుకోని సంగతేమిటంటే, మైసిస్ పగలు అడుగున దాక్కుంటుంది, రాత్రి పైకొచ్చి మేస్తుంది. కొకనీ పగటి వెలుతురులో, పైపొరల్లో మేస్తుంది. కనుక కొకనీ నోటికి మైసిస్ దొరకలేదు, మైసిస్ నోటికి మాత్రం డాఫ్నియా దొరికింది. చేపకు తిండి అవుతుందనుకున్నది చేప తిండినే తినేసింది. 1987కల్లా కొకనీ కుప్పకూలింది. 1989లో ఆ వాగులో లెక్కకొచ్చిన కొకనీలు 50. గద్దలూ చెదిరిపోయాయి.

ఇక మన కట్ట మీదికొద్దాం. కంభం చెరువు నల్లమల కొండల్లో పుట్టిన గుండ్లకమ్మ మీద, రెండు గుట్టల మధ్య సందుకు అడ్డంగా కట్టినది. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. బ్రిటిష్ గెజిటీర్ లెక్క ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు, చెరువులోకి నీరు పారే నేల 430 చదరపు మైళ్లు. నిండినప్పుడు పొడవు ఏడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీన్ని వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది గిద్దలూరుకు దక్షిణాన, కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువుకూ ఆ గుర్తింపు దక్కింది. అక్కడి 1369 నాటి శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెబుతుంది. నీరు తక్కువై నేల విశాలమైపోవడం ఆ దోషాల్లో ఒకటి.

విచిత్రమేమిటంటే, ఆయకట్టుకు దోషమైనదే చేపకు కొంతవరకు గుణం. 1965లో కెనడాకు చెందిన రైడర్ ఒక సూచిక తయారుచేశాడు. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని సగటు లోతుతో భాగిస్తే వచ్చే అంకె ఎంత పెద్దదైతే, ఆ సరస్సులో హెక్టారుకు అన్ని ఎక్కువ చేపలు పండుతాయని దాని సారాంశం. లోతు తక్కువైతే వెలుతురు అడుగుదాకా దిగుతుంది. గాలి నీటిని కలియబెట్టి అడుగునున్న సారాన్ని పైకి తెస్తుంది. మన దేశపు జలాశయాల మీద వి.వి. సుగుణన్ 1995లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోసం రాసిన నివేదికలోనూ ఇదే కనిపిస్తుంది. వెయ్యి హెక్టార్ల లోపు చిన్న జలాశయాల్లో ఏడాదికి హెక్టారుకు సగటున 50 కిలోలు, ఐదు వేలు దాటిన పెద్దవాటిలో 11 కిలోల పైచిలుకు. ఆంధ్రప్రదేశ్ చిన్న జలాశయాల సగటు అప్పట్లో 188 కిలోలు, దేశంలోకెల్లా ముందు వరుస. నల్లరేగడి, ఎర్రనేలల సారం, ఎండ, పశువులు మేసే తీరాలు, అన్నీ కలిసి వడ్డించిన తిండి అది.

బొచ్చెకూ కొకనీకీ ఒక పెద్ద తేడా ఉంది. కొకనీ సరస్సులోకి పారే వాగులో తానే పిల్లల్ని చేసుకుంటుంది. ఎన్ని పుడతాయో మనిషి చేతిలో లేదు. బొచ్చె, శీలావతి, మోసు నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద పారే నది కావాలి. అందుకే ఒకప్పుడు ఉత్తరాది నదుల్లోంచి పిల్లల్ని ఏరి తెచ్చేవారు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఈ చేపల చేత గుడ్లు పెట్టించగలిగాక, పిల్లల ఉత్పత్తి హేచరీలకు మారింది. దేశంలో ఏటా ఆ రోజును చేపరైతుల దినంగా జరుపుకుంటున్నాం. అంటే కంభం చెరువులో ఎన్ని బొచ్చెలు ఉండాలన్నది కాగితం మీద, మనుషులు తేల్చే లెక్క. అమెరికా మత్స్యశాఖలు కొకనీ విషయంలో కోరుకునేది ఈ వెసులుబాటే.

ఆ వెసులుబాటును మనం ఎలా వాడుకుంటున్నాం? పత్రికల్లో ఏటా ఒకే రకం వార్త: ఇన్ని లక్షల చేపపిల్లలను వదిలారు. పక్కన బిందె వంచుతున్న పెద్దల ఫొటో. లక్షలు ఎక్కువైతే మేలు అన్నట్టు ఉంటుంది ఆ వార్త. ఒక ఉజ్జాయింపు లెక్క వేసి చూద్దాం. వెయ్యి హెక్టార్ల నీరున్న చెరువు, ఏడాదికి హెక్టారుకు వంద కిలోల చేపను మోయగలదనుకుందాం. మొత్తం లక్ష కిలోలు. పట్టే నాటికి రెండు లక్షల చేపలు బతికి ఉంటే ఒక్కోటి అరకిలో. యాభై వేలే బతికి ఉంటే రెండేసి కిలోలు. చెరువు పండించింది రెండు సందర్భాల్లోనూ లక్ష కిలోలే. బజారులో మాత్రం రెండు కిలోల బొచ్చెకు కిలో ధర ఎక్కువ పలుకుతుంది, తలకాయ పులుసు ఇష్టపడేవాళ్లకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. మరీ తగ్గించినా నష్టమే. తినేవాళ్లు లేక ప్లవకాలు మిగిలిపోతాయి. ఈ రెండింటి మధ్య సరైన చోటు ఎక్కడో ఏ చెరువుకా చెరువు తేల్చుకోవాలి. అందుకు కావాల్సింది పోయినేడు పట్టిన చేపల నిడివి, బరువు.

వదిలినవన్నీ బతకవన్నది వేరే సంగతి. రెండు, మూడు సెంటీమీటర్ల పిల్లల్ని వదిలితే అవి కొరమీనుకూ వాలుగకూ ఫలహారం. ఎనిమిది, పది సెంటీమీటర్ల దాకా పెంచి వదిలితే చాలామటుకు తప్పించుకుంటాయి. లక్ష చిన్నపిల్లల కంటే పాతిక వేల పెద్దపిల్లలు మేలు కావొచ్చు. కానీ వార్తకు లక్షే అందంగా ఉంటుంది.

పశ్చిమ ప్రకాశంలో అసలు చిక్కు సంఖ్య కూడా కాదు, కాలం. ఇక్కడ చెరువులకు నీరొచ్చేది ప్రధానంగా సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. నైరుతి చివర్లో, ఈశాన్యం మొదట్లో, బంగాళాఖాతంలో వాయుగుండం పడితేనే గుండ్లకమ్మకు చెప్పుకోదగ్గ వరద. జులైలో పిల్లల్ని వదిలితే చెరువులో గుంటల నీరే ఉండొచ్చు. అక్టోబరులో వదిలితే అలుగు పారి పిల్లలు కిందికి కొట్టుకుపోవచ్చు. నవంబరుకల్లా నీరు నిలిచిందనుకుందాం. తొలి వరద ఎర్రగా, బురదగా ఉంటుంది, వెలుతురు దిగదు. బురద పేరుకుని నీరు పచ్చబారాక గాని ప్లవకాలు పుంజుకోవు. అప్పటికి చలి వస్తుంది. చేప శీతల రక్తపు జీవి. నీరు పది డిగ్రీలు చల్లబడితే దాని ఒంట్లో పని సుమారు సగానికి పడిపోతుంది. మన చలి అంత ఉండదు కాబట్టి పూర్తిగా ఆగదు గాని, డిసెంబరు, జనవరి నెలల్లో నెమ్మదిస్తుంది. ఫిబ్రవరి, మార్చి బొచ్చెకు పండగ నెలలు. నీరు వెచ్చగా, తిండి నిండుగా ఉంటుంది.

ఆ తర్వాత తూముల కింద పైరుకు నీరు పోతుంది, ఎండకు ఆవిరవుతుంది. ఈ మెట్టలో ఏడాదికి మనిషి ఎత్తు నీరు ఆకాశంలోకి పోతుందంటే అతిశయోక్తి కాదు. చెరువు కుంచించుకుపోయే కొద్దీ అవే చేపలు తక్కువ నీటిలో కిక్కిరిసిపోతాయి. నవంబరులో విశాలంగా ఉన్నవి మే నాటికి ఒకదాని మీద ఒకటి. అంటే ఎవరూ కొత్తగా పిల్లల్ని వదలకుండానే సాంద్రత పెరిగిపోతుంది. దానికి తోడు వేడి. 10 డిగ్రీల దగ్గర లీటరు నీరు 11 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువును పట్టుకోగలదు. 30 డిగ్రీల దగ్గర 7.6 మిల్లీగ్రాములే. చేప ఊపిరి అవసరం పెరిగేది సరిగ్గా నీటిలో ఊపిరి తరిగేటప్పుడే. పగలంతా ప్రాణవాయువును విడిచిన పచ్చని నాచు, రాత్రి అదే వాయువును పీల్చుకుంటుంది. అందుకే వేసవి తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మబ్బు పట్టి గాలి ఆగిన రోజుల్లో అవి తెల్లారేసరికి వెల్లకిలా తేలడం కూడా జరుగుతుంది. ఆ దశలో చేప పెరగదు, ఉన్న బరువు కోల్పోతుంది. మొదట చెప్పిన బరువు, నిడివి లెక్కలో మార్చిలో 1.6 ఉన్న అంకె జూన్‌లో 1.2కు దిగిపోతే, ఆ మూడు నెలలూ ఆగి సంపాదించినదేమీ లేదు.

దీన్నిబట్టి నాకు తోచేదొకటే. ఇక్కడి చెరువులో ఎన్ని పిల్లల్ని వదలాలన్నది నీటి విస్తీర్ణం చూసి కాదు, నీరు ఎన్ని నెలలు నిలుస్తుందో చూసి తేల్చాలి. నిండు చెరువు ఉన్న ఏడాది, వచ్చే వర్షాకాలం దాకా నీరు మిగులుతుందనుకుంటే, కొన్ని చేపల్ని రెండో ఏడాదికి ఉంచాలి. కిలో నుంచి మూడు కిలోలకు ఎదిగేది ఆ రెండో ఏడాదిలోనే. నీరు సగమే వచ్చిన ఏడాది తక్కువ పిల్లల్ని, పెద్ద సైజువాటిని వదిలి, ఏప్రిల్‌కల్లా పట్టేయాలి. రెండు రకాల ఏళ్లకూ ఒకే లెక్క పెట్టుకుంటే, కరువు ఏడాది అరకిలో చేపలు వస్తాయి, అప్పుడు సీడును తిడతాం.

చెరువులో చేప సైజును వలను బట్టి అంచనా వేసేటప్పుడు ఇంకో మెళకువ కావాలి. కన్ను వల తన కన్నుకు సరిపోయిన మొప్పల్నే పట్టుకుంటుంది. సన్నచేప దూరిపోతుంది, మరీ పెద్దది మూతి గుద్దుకుని వెనక్కి తిరుగుతుంది. ఒకే కన్ను వల వేసి ‘చెరువంతా ముప్పావుకిలో చేపలే’ అనడం, వల కొలత చెప్పడమే. గాలం వేసేవాళ్ల అనుభవమూ అంతే. బొచ్చె పైపొరలో మేస్తుంది. గాలి ఏ ఒడ్డుకు వీస్తే ప్లవకాలు ఆ ఒడ్డుకు చేరతాయి, వాటి వెంట బొచ్చె. ఎదురుగాలి కొట్టే ఒడ్డున కూర్చోవడం ఇబ్బందే గాని, చేప అక్కడే ఉంటుంది.

తిలాపియా గురించి చెప్పకుండా ఈ లెక్క పూర్తికాదు. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ ఆఫ్రికా చేప మన కొకనీ అనుకోవచ్చు. నిలిచిన నీటిలోనే పిల్లల్ని చేస్తుంది, గుడ్లను, పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాపాడుకుంటుంది, ఏడాదిలో ఎన్నోసార్లు. చెరువు కిక్కిరిసిన కొద్దీ ఇంకా చిన్న ఒంటితోనే గుడ్లకు వస్తుంది. చివరికి అరచేయంత తిలాపియాలతో చెరువు నిండిపోతుంది. బొచ్చె సంఖ్యను మనం ఎంత జాగ్రత్తగా తేల్చినా, అదే పళ్లెంలో చేయి పెట్టే తిలాపియాను ఎవరూ లెక్కపెట్టరు.

మార్కాపురానికి పడమటన నల్లమల సాగర్ నిండితే ఈ లెక్కలన్నీ కొత్తగా వేసుకోవాలి. వెలిగొండ ప్రాజెక్టులో భాగంగా సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందుల్ని మూసి కట్టిన జలాశయం అది. సామర్థ్యం 53.85 టీఎంసీలు. శ్రీశైలం వెనుక కృష్ణా నీటిని కొల్లంవాగు నుంచి రెండు సొరంగాల్లో తేవాలన్నది పథకం. ఒక్కోటి 18 కిలోమీటర్లకు పైగా. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. కొత్తగా ముంపైన నేల తొలి ఏళ్లలో తన సారాన్ని నీటిలోకి వదులుతుంది. కుళ్లే గడ్డి, ఆకులు, పొలాల ఎరువు ప్లవకాలుగా మారతాయి. అందుకే కొత్త జలాశయాల్లో మొదటి కొన్నేళ్లు చేపలు అమాంతం పెరుగుతాయి, ఆ తర్వాత దిగుబడి సగానికో అంతకంటే కిందికో జారి నిలదొక్కుకుంటుంది. ప్రపంచమంతటా ఆనకట్టల వెనుక ఇదే జరిగింది. తొలి ఏళ్ల సైజును చూసి పిల్లల సంఖ్యను ఖరారు చేసుకుంటే, ఐదారేళ్లకు చేప చిక్కిపోతుంది.

కంభంలా నల్లమల సాగర్‌ది లోతు తక్కువ నీరు కాదు. లోతైన కొండ లోయ. ఎండాకాలంలో పైన వేడినీరు, కింద చల్లనీరు విడివిడి పొరలుగా నిలవొచ్చు, కింది పొరలో ప్రాణవాయువు తగ్గొచ్చు. అంటే కాగితం మీద ఉన్న నీరంతా చేపకు పనికొచ్చే నీరు కాదు. పైగా ఆ నీరు వరద రోజుల్లో శ్రీశైలం నుంచి వస్తుంది. సొరంగంలో నీటితో పాటు కృష్ణలోని పిల్లచేపలు, వాటి గుడ్లు, తిలాపియాలు కూడా వస్తాయి, ఆ నీటిని ఏ జల్లెడా పట్టలేదు. కంభం చెరువులో బొచ్చె లెక్క మన చేతిలో ఉన్నంతగా అక్కడ ఉండదు. అందుకే, ఆ సన్నచేపల్ని తినే వాలుగ, కొరమీను వలకు పడ్డప్పుడు అన్నీ ఒడ్డుకు చేర్చకుండా, గుడ్ల కాలంలోనైనా వదిలేసే ఏర్పాటు మొదటి లీజు కాగితంలోనే ఉండాలి.